తోడు లేనిది

కుక్కరు బాబాయ్ అని అతనికి ఎవరు పేరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. అసలు పేరు మాత్రం జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా బతికిలేదు. ఊరి చివర రేకుల కప్పు వేసిన పొడుగాటి షెడ్డు. అందులో పైరు వేళ్ళకి పట్టించే బ్యాక్టీరియాని పెంచి, బొగ్గుపొడిలో కలిపి, ప్యాకెట్లలో పోసి రైతులకి అమ్ముతారు. అతని పని ఆవిరి డ్రమ్ము దగ్గర. నడుమెత్తు ఉక్కు డ్రమ్ము, పైన బరువైన మూత, మూతకి ఆరు మరలు. బొగ్గుపొడి, సీసాలు, గాజు ట్యూబులు అన్నీ ముందు అందులో ఉడకాలి. అక్కర్లేని పురుగంతా చచ్చాకే కావలసిన పురుగుని వదలాలి. అంటే చంపడం అతని ఉద్యోగం, పెంచడం చదువుకున్నవాళ్ళ ఉద్యోగం.

కాగితం మీద అలా ఉంది. జరిగేది వేరు.

పదకొండేళ్ళ కిందట పాత సారు ఒకాయన ఉండేవాడు. నలుపు తిరిగిన వేళ్ళతో సిగరెట్లు కాల్చేవాడు గానీ మనిషి మంచివాడు. వెళ్ళిపోయే ముందు ఇతన్ని పిలిచి స్పిరిట్ దీపం ముందు కూర్చోబెట్టి, సన్నటి తీగని మంటలో ఎర్రగా కాల్చి, పాత ట్యూబులోంచి రవ్వంత తీసి కొత్త ట్యూబులోని జెల్లీ మీద గీయడం నేర్పాడు. పదిహేను రోజులకోసారి ఇలా మారుస్తూ ఉండాలి, ఒక్కసారి మరిచిపోయినా పోతుంది అన్నాడు. ఆయన తర్వాత వచ్చిన సార్లు, మేడమ్‌లు ఏడాదికొకరు మారారు. ఏడో తరగతి దాటని ఇతను మాత్రం పదిహేను రోజులకోసారి మంగళవారం తలుపేసుకుని, దీపం వెలిగించుకుని, ఇరవై నాలుగు ట్యూబులు మార్చేవాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ వద్దనలేదు.

వాళ్ళు దాన్ని కల్చర్ అనేవాళ్ళు. అతను తోడు అనేవాడు. పాలల్లో వేసే తోడు ఎలాంటిదో ఇదీ అలాంటిదే. నిన్నటిది రవ్వంత మిగిల్చుకుంటేనే ఇవాళ్టిది. ఆ రవ్వంతా పోతే లోకంలో ఉన్న పాలన్నీ తెచ్చినా పెరుగు కాదు. కొన్నాళ్ళకి షెడ్డులో అందరికీ ఆ మాటే అలవాటైంది. తోడు కలిపారా, తోడు చల్లారిందా అనడమే తప్ప కల్చర్ అన్నవాడు లేడు.

అది చేసే పని అతనికి నోటికొచ్చు. సోయా మొలక వేరు మట్టిలోకి దిగగానే ఇది దాని కొసని వెతుక్కుంటూ వెళుతుంది. వేరు రవ్వంత వంగి లోపలికి రమ్మంటుంది. అక్కడ చిన్న బుడిపె కట్టుకుని ఇద్దరూ కాపురం పెడతారు. ఇది గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకి పెడుతుంది, మొక్క ఎండలో వండిన తీపి దీనికి పెడుతుంది. ఒకరి వంట ఒకరికి రాదు. చెప్పాలని అతనికి చాలాసార్లు అనిపించేది. చెప్పడానికి ఎవరున్నారు. షెడ్డు వెనక ఒకటే గది, ఒకటే పళ్ళెం. భార్య వాళ్ళన్న దగ్గరికని వెళ్ళి తొమ్మిదేళ్ళైంది. చేసిన తప్పేమిటో చెప్పి వెళ్తే బాగుండేదని మొదట్లో అనుకునేవాడు. చెప్పిందేమో, తనే వినలేదేమో అని తర్వాత్తర్వాత అనుకోవడం మొదలుపెట్టాడు.

ఆ ఏడు వచ్చిన మేడమ్ చిన్న పిల్ల. మంచిదే, గౌరవంగానే మాట్లాడేది. ఒకరోజు డ్రమ్ము దగ్గరికి వచ్చి, కాసేపు ఒత్తిడి ముల్లు వంక చూసి, "బాబాయ్, పైవాళ్ళు కల్చర్ బయటినుంచి కొందామంటున్నారు" అంది.

"మనదానికేమొచ్చింది?"

"పదకొండేళ్ళుగా మారుస్తూ మారుస్తూ వచ్చాం కదా. బలం తగ్గిపోయి ఉంటుందని వాళ్ళ అనుమానం."

మారుస్తూ వచ్చాం కాదు, వచ్చాను అని నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

"నేను ఒప్పుకోలేదు" అంది మేడమ్. "ఒక్క పంట వేసి చూద్దామన్నాను. సోయా ఎప్పుడూ వేయని చేను ఒకటి దొరికింది. సగానికి మన కల్చర్ పట్టించిన విత్తనం, సగానికి చచ్చిన పొడి పట్టించింది. తేడా కనిపిస్తే మనదే ఉంటుంది."

"కనిపించకపోతే?"

మేడమ్ డ్రమ్ము వంక చూసింది. జవాబు అదే.

విత్తనం సిద్ధం చేసింది అతనే. ముందు చచ్చినదాని పని. జీవమున్నదాన్ని ముట్టుకున్న చేత్తో దీన్ని ముట్టుకోకూడదు. బొగ్గుపొడిని గంటసేపు రెండుమార్లు ఉడికించి, పంచదార పాకంతో తడిపిన గింజల మీద చల్లి దొర్లించి, నీడలో ఆరబోశాడు. చేతులు కడుక్కుని, వేరే తొట్టిలో రెండోది చేశాడు. పక్కపక్కన పెడితే రెండూ ఒకేలా నల్లగా ఉన్నాయి. కన్నతల్లి కూడా పోల్చుకోలేదు.

"సంచుల మీద సున్నా, ఒకటి అని రాయండి చాలు" అంది మేడమ్.

ఇదిగో, ఇక్కడే అతని తలపొగరు పనిచేసింది. సున్నా అంటే ఏమిటో చేలో మనిషికి ఎలా తెలుస్తుంది, మనిషికి అర్థమయ్యేటట్టు రాయొద్దూ అనుకున్నాడు. లావుపాటి మార్కరు తీసుకుని, నాలుక కొంచెం బయటపెట్టి, ఒక సంచీ మీద 'తోడు ఉన్నది' అని, రెండో సంచీ మీద 'తోడు లేనిది' అని గుండ్రంగా రాశాడు. ఏడేళ్ళ చదువులో అతనికి మిగిలింది ఆ చేతిరాత ఒక్కటే.

చేను ఒకావిడది. ఒక్కతే ఉంటుందని, మేడమ్ ఫోనులో మాట్లాడిందని చెప్పారు. సంచులు అతనే బస్సులో తీసుకెళ్ళాడు. తలుపు ఓరగా వేసి ఉంది, లోపల గిన్నెలు కడుగుతున్న చప్పుడు. పిలవొచ్చు. రెండు ముక్కలు చెప్పిరావొచ్చు. కానీ ఎవరి తలుపైనా కొట్టి అతనికి ఏళ్ళైంది. కొడితే ఎవరని అడుగుతారు, ఏం చెప్పాలి, కూర్చోమంటే ఏం మాట్లాడాలి. సంచులు రెండూ గడప పక్కన ఆనించి పెట్టి, పిల్లిలా వచ్చేశాడు.

నలభై ఐదు రోజులకి మేడమ్ వ్యానులో వెళ్ళి మొక్కలు తవ్వించి తెచ్చింది. బల్ల మీద రెండు వరసలు పరిచింది. తూర్పు సగానివి, పడమటి సగానివి. అతను చేతులు తుడుచుకుని వచ్చి చూశాడు. వేళ్ళు తల దువ్వినట్టు నున్నగా ఉన్నాయి. ఒక్క బుడిపె లేదు. ఇటూ లేదు, అటూ లేదు.

"రెండూ ఒకేలా ఉన్నాయి బాబాయ్" అంది మేడమ్ మెల్లగా.

అతను ఒక్కో వేరూ ఎత్తి వెలుతురులో పెట్టి చూశాడు. తర్వాత మళ్ళీ మొదటినుంచి చూశాడు. ఏ మంగళవారం చెయ్యి తప్పింది? తీగ సరిగా చల్లారకుండానే పెట్టి కాల్చేశాడా? ఎన్నేళ్ళుగా తను చచ్చినదాన్ని చచ్చినదానిలోకి మారుస్తూ కూర్చున్నాడు?

శుక్రవారం మేడమ్ పైకి రిపోర్టు పంపింది. "సోమవారం ట్యూబులు డ్రమ్ములో వేసేయండి" అంది. అతని ముఖం చూడకుండా చెప్పింది, అదొక్కటి మంచిపని.

ఆదివారం పొద్దున్నే అతను బస్సెక్కాడు. ఎందుకో చెప్పలేడు. చచ్చిన మనిషిని చూడ్డానికి వెళ్ళినట్టు వెళ్ళాడు.

ఆవిడ చేలో కలుపు తీస్తోంది. నలభై దాటి ఉంటాయి. మనిషి అలికిడికి నడుం ఎత్తి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఎవరు కావాలి?"

"షెడ్డు నుంచి వచ్చానమ్మా. అప్పుడు విత్తనాల సంచులు తెచ్చింది నేనే."

ఆవిడ అతన్ని కిందనుంచి పైదాకా చూసింది. "వాటి మీద రాసింది కూడా మీరేనా?"

"నేనే."

"చేతిరాత ముచ్చటగా ఉంది."

తొమ్మిదేళ్ళలో అతన్ని ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు. తల వంచుకున్నాడు.

"నా సంగతి మీకెవరు చెప్పారు?" అంది ఆవిడ.

"ఏ సంగతి?"

"నాకు తోడు లేదని."

అతనికి అర్థం కాలేదు. ఆవిడ కొడవలిని మట్టిలో గుచ్చింది.

"మీ మేడమ్ ఫోను చేసింది. రెండు సంచులొస్తాయి, గుర్తులు చూసుకుని ఈ వైపు ఒకటి, ఆ వైపు ఒకటి వేయండి అంది. ఈ వైపు నేను. గట్టుకి ఆ వైపు మా తోడికోడలు. ఒకప్పుడు ఒకటే చేను, అన్నదమ్ములు పంచుకున్నారు. తర్వాత గడప దగ్గరికొచ్చి చూద్దును కదా, ఒకదాని మీద తోడు ఉన్నది, ఒకదాని మీద తోడు లేనిది. మా అక్కకి మొగుడున్నాడు. నాకు పోయి మూడేళ్ళైంది. ఏది ఎవరిదో ఇంకా ఒకరు విడమరిచి చెప్పాలా? ఊళ్ళోవాళ్ళు నోటితో అని ఊరుకుంటారు. మీరు మార్కరుతో రాసి పంపించారు."

అతని గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. నవ్వో, దగ్గో అతనికే తెలియదు.

"అది మిమ్మల్ని కాదమ్మా. సంచీని."

"సంచీకి తోడేమిటి?"

"పాలకి తోడు వేస్తారే, అలాంటిది. గింజకి పట్టించే పురుగు. షెడ్డులో అలాగే అంటాం. తోడు లేనిదంటే ఆవిరిలో ఉడికించేసిన పొడి. వట్టి బొగ్గు."

ఆవిడ తన పైరు వంక చూసింది. "వట్టి బొగ్గు" అంది చివరికి. "చేనంతా అదే వేశాను."

"రెండు సగాలూ అదేనా?"

"ఉన్నది సగమే కదయ్యా నాకు. సగంలో మళ్ళీ సగాలెక్కడివి? మీ మేడమ్ వచ్చినరోజు కాగితం పట్టుకుని టేపుతో కొలుచుకుంది. కాగితంలో చేను పెద్దదిగా ఉందే అని గొణుక్కుంది. నన్ను ఒక్క మాట అడిగితే చెప్పేదాన్ని."

అడగదు. చేతిలో కాగితం ఉండగా మనిషిని అడగడం వాళ్ళకి ఏ బళ్ళోనూ నేర్పరు. కానీ ఈ ముక్క అతనికి ఆ క్షణంలో తట్టలేదు. అతని కళ్ళు గట్టుకి అవతల ఉన్నాయి. అవతలి పైరు ఇవతలికంటే నాలుగు వేళ్ళు ఎత్తుంది. ఆకు నల్లగా నిగనిగలాడుతోంది.

"ఆ రెండో సంచీ ఏం చేశారు?"

"సాయంత్రం గట్టు మీద పెట్టి వచ్చాను. మాటల్లేవు మాకు. తెల్లారేసరికి లేదు. ఊరికే వచ్చిన విత్తనం ఎవరు పారేస్తారు?"

"అక్కడ ఒక్క మొక్క తవ్వి చూడాలమ్మా."

"వెళ్ళి అడగండి."

"నన్నెవరని అడుగుతారు?"

ఆవిడ అతని వంక చూసింది. ముఖంలో ఏం కనిపించిందో మరి, గట్టు దాకా నడిచి, అక్కడే ఆగిపోయి, గొంతు సవరించుకుంది.

"అక్కా."

అవతల పైరులో వంగి ఉన్న ఒకావిడ లేచి నిలబడింది. కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "ఎవర్నే పిలుస్తున్నావు?"

"నిన్నే. మీ చేలో ఒక మొక్క తవ్వాలి."

"నీ చేలో లేవా మొక్కలు?"

"ఉన్నాయి. మీదే కావాలట."

"మూడేళ్ళకి నోరు విప్పావు. మొదటి మాట మా మొక్క పీకుతాననా?"

"పీకేది నేను కాదు, ఈయన."

"ఎవరాయన?"

"సంచుల మీద రాసినాయన."

"ఓహో" అంది పెద్దావిడ. "తోడు ఉన్నదని నన్ను దెప్పినాయన. ఈ మొగుడూ ఒక తోడేనా అని ఆ రోజంతా ఇంట్లో ఒకటే గొడవ. రమ్మను, రమ్మను."

అతను గట్టు దాటాడు. పీకితే బుడిపెలు మట్టిలోనే తెగి ఉండిపోతాయి. మోకాళ్ళ మీద కూర్చుని, చుట్టూ జానెడు వదిలి, కొడవలి మొనతో తవ్వి, మట్టిగడ్డతో సహా ఎత్తి, కాలవలో ముంచి పట్టుకున్నాడు. మట్టి కరిగి మబ్బులా కొట్టుకుపోయింది. వేళ్ళు తేలాయి.

వేరు నిండా మిరియాలంత బుడిపెలు, గుత్తులు గుత్తులుగా.

ఒకటి తుంచి గోటితో చీల్చాడు. లోపల ఎర్రగా ఉంది.

"రక్తమా అది?" అంది చిన్నావిడ, వంగి చూస్తూ. తనూ గట్టు దాటి వచ్చిందని ఆవిడకే తెలియలేదు.

"రక్తంలాంటిదేనమ్మా. ఎర్రగా ఉంటే పనిలో ఉన్నట్టు. తెల్లగా ఉంటే తిని కూర్చునే రకం, మొక్కకి దండగ."

"మా ఆయన్ని చీరితే తెల్లగా ఉంటాడు" అంది పెద్దావిడ.

చిన్నావిడ నవ్వింది. అతను చెప్పడం మొదలుపెట్టాడు. వేరు ఎలా వంగి రమ్మంటుందో, ఇది గాలిలోంచి ఏం పడుతుందో, మొక్క దీనికి ఏం పెడుతుందో, పదకొండేళ్ళు నోట్లోనే నానినవన్నీ తడబడకుండా చెప్పాడు. ఇద్దరూ విన్నారు. గాలిలో అంత తిండి ఉంటే మనకెందుకు అందదని పెద్దావిడ అడిగింది. మనకి బుడిపెలు లేవు కదమ్మా అన్నాడు. తనూ హాస్యం ఆడగలనని అతనికే వింతగా అనిపించింది.

తర్వాత పెద్దావిడ, "నీ పైరు అందుకే అలా పాలిపోయిందా, నువ్వు పస్తులుండి పైరుని కూడా పస్తు పెడుతున్నావనుకున్నాను" అంది. చిన్నావిడ, "నా పస్తుల సంగతి నీకెవరు చెప్పారు" అంది. అక్కడినుంచి మాట చేలోంచి ఇంట్లోకి, ఇంట్లోంచి ఆసుపత్రిలోకి, పోయినాయన చివరిరోజుల్లోకి వెళ్ళిపోయింది. ఎవరు రాలేదో, ఎవరిని రానివ్వలేదో. ఇద్దరి గొంతులూ ఒకసారి పెరిగాయి, ఒకసారి తడిశాయి. అతను నాలుగు మొక్కలు తవ్వి, తడిగుడ్డలో చుట్టుకుని, వెళ్ళొస్తానని రెండుసార్లు అన్నాడు. వాళ్ళకి వినపడలేదు. గట్టు మీదుగా రోడ్డెక్కాడు.

సోమవారం మేడమ్ రాకముందే బల్ల మీద మొక్కలు పరిచి నిలబడ్డాడు. జరిగినదంతా చెప్పాడు. సున్నా, ఒకటి అని రాయమన్నది కూడా తనే గుర్తుచేసి, "తప్పు నాదే మేడమ్" అన్నాడు. మేడమ్ భూతద్దం పెట్టి ఒక్కో బుడిపెనీ చూసింది. నాలుగు చీల్చింది. ఆమె ముఖంలోకి రంగు వచ్చి, మళ్ళీ పోయింది.

"బతికే ఉంది బాబాయ్. బాగుంది కూడా."

అతను ట్యూబులున్న వైపు చూశాడు.

"కానీ దీన్ని నేను చూపించలేను. వాళ్ళ చేను వేరు, నీళ్ళు వేరు, పేడఎరువూ వేసి ఉంటారు. ఆకు అందుకే నల్లగా ఉందంటారు."

"బుడిపెలు ఎరువుకి రావు కదా మేడమ్."

"రావు. నాకు తెలుసు. రిపోర్టు శుక్రవారమే వెళ్ళిపోయింది, కొత్త కల్చర్‌కి ఆర్డరూ పెట్టేశారు. పొద్దున వేరే పనిమీద పైవాళ్ళతో కారులోంచే మాట్లాడాను. ఆ విషయం ముగిసిపోయిందన్నారు."

"ఇంకో పంట వేసి చూద్దాం. ఈసారి సున్నా అనే రాస్తాను."

"ఇంకో పంటదాకా ఆగరు."

"పోనీ, ఈ బుడిపెల్లోంచి మళ్ళీ తీసి పెంచొచ్చు. తాజాగా ఉంటుంది."

"తీయొచ్చు" అంది మేడమ్. "ఎవరికోసం బాబాయ్?"

అడగడానికి మామూలుగానే అడిగింది. అతను మొక్కల్ని మళ్ళీ తడిగుడ్డలో చుట్టాడు.

మధ్యాహ్నం ట్యూబులు తెచ్చాడు. దూది బిరడాలు బిగించి ఉన్నాయి. లోపల వాలుగా ఉన్న జెల్లీ మీద తెల్లటి గీత, చిక్కటి పాలచారలా. ఒకటి జేబులో వేసుకుందామా అనుకున్నాడు. గదిలో ఫ్రిజ్ లేదు, జెల్లీ లేదు. నెలకో రెణ్ణెల్లకో ఎండి చస్తుంది, దాన్ని రోజూ చూస్తూ కూర్చోవాలి. ఇరవై నాలుగూ బుట్టలో నిలబెట్టి డ్రమ్ములోకి దించాడు. ఆరు మరలూ బిగించాడు. గాలి బుసకొట్టి పోయాక ముల్లు మెల్లగా పైకి లేచి, ఆగాల్సిన పదిహేను దగ్గర ఆగింది. ఇరవై నిమిషాలు చాలు. అతను నలభై ఉంచాడు. సగం ప్రాణంతో ఏదీ మిగలకూడదు, ఆ బాధ దేనికైనా ఎందుకు.

చల్లారాక తీస్తే జెల్లీ కరిగి అడుగున చేరింది. తెల్లగీతలు లేవు. ట్యూబులు కడిగి బోర్లించాడు.

కొత్త కల్చర్ వెండిరంగు పొట్లాల్లో వచ్చింది. మార్చే పని లేదు. పొట్లం చింపి కలపడమే, అయిపోతే ఇంకోటి తెప్పించడమే. అతని డ్రమ్ము పని అతనికి ఉంది. మంగళవారం వస్తే మాత్రం ఏం చేయాలో తెలియక, అప్పటికే శుభ్రంగా ఉన్న బల్లని ఇంకోసారి తుడిచేవాడు. తోడు అనే మాట కూడా మెల్లగా షెడ్డులో తగ్గిపోయింది. పొట్లం కలిపారా అంటున్నారు.

పంట కోతలయ్యాక ఒకరోజు ఆఫీసు గదిలోంచి పిలిచారు. బాబాయ్, మీకెవరో ఫోను. అతనికి ఫోను రావడం అదే మొదలు కాబట్టి అందరూ తలెత్తి చూశారు.

"అన్నయ్యా, నేను. తోడు లేనిదాన్ని" అంది అవతలి గొంతు.

"చెప్పమ్మా."

"వచ్చే పంటకి మా అక్క చేలో మట్టి తెచ్చి నా చేలో చల్లితే ఆ పురుగు నాకూ వస్తుందా? తను గంపలతో తీసుకెళ్ళమంటోంది."

"వస్తుంది. పైమట్టి కాదమ్మా, వేళ్ళు ఉన్నచోటిది, జానెడు లోతులోది. ఎకరానికి పది పన్నెండు గంపలు. మబ్బురోజు చూసుకోండి, లేకపోతే ఎండ తగ్గాక. ఎండ తగిలితే చస్తుంది. చల్లిన వెంటనే దున్ని మట్టిలో కలిపేయాలి."

"ఏటేటా చల్లాలా?"

"అక్కర్లేదు. ఒకసారి చేరి, మధ్యమధ్య సోయా పడుతూ ఉంటే అదే ఉంటుంది. పైరు లేని రోజుల్లో కూడా మట్టిలో కాచుకుని కూర్చుంటుంది."

"ఎన్నాళ్ళు?"

"ఏళ్ళు" అన్నాడు. "మొలకెత్తాక నెలన్నరకి ఒక మొక్క తవ్వి..."

అవతల ఎవరో ఆవిణ్ణి కేకేశారు. ఆ కేకలో కోపం లేదు, తొందర ఉంది, ఇంట్లోవాళ్ళని పిలిచే పిలుపు. "వస్తున్నా అక్కా" అని, "ఉంటానన్నయ్యా, మంచిమాట చెప్పావు" అని ఫోను పెట్టేసింది.

మొక్క తవ్వి, గోటితో చీల్చి, ఎర్రగా ఉందో లేదో నాకో మాట చెప్పమని అనబోయాడు. ఆ నంబరు అతని దగ్గర లేదు. మేడమ్ కాగితాల్లో ఉంటుంది. అడిగితే ఎందుకని అడుగుతుంది. చేను చూడ్డానికి వెళ్ళాలన్నా ఎవరో ఒకరు రమ్మనాలి, అక్కడ ఇప్పుడు అతనితో ఎవరికీ పనిలేదు. రిసీవరు జాగ్రత్తగా దాని చోట్లో పెట్టాడు.

"ఎవరు బాబాయ్, చుట్టాలా?" అంది టైపు చేసే అమ్మాయి.

"కాదు" అని డ్రమ్ము దగ్గరికి వెళ్ళాడు. బొగ్గుపొడి లోపల పెట్టి చాలాసేపైంది. ముల్లు అప్పటికే పదిహేను దాటి పోతోంది.